ఏడు లీవర్ల తాళం ధర

ఫిబ్రవరి 3

బుడంకాయకి,

ఆరేళ్ళ నుంచి కడుపులో పెట్టుకున్న మాట ఒకటుంది. ఇవాళ కక్కేస్తున్నా. నువ్వు నాకు అబద్ధం చెప్పావు.

కూర్చుని చదువు. నాలుగో తరగతితో బడి మానేసినవాణ్ణి. ఒక పేజీ రాయడానికి రెండు పూటలు పడుతుంది. ఊసుపోక రాయను.

ఆరేళ్ళ కిందట నువ్వు రాశావు. నేను పనిచేస్తున్న పెద్ద వీడియో గేమ్ రెండు నెలల్లో బయటికొస్తోంది పెదనాన్నా, లోకమంతా ఆడతారు, ఆట చివర పనిచేసినవాళ్ళ పేర్లన్నీ వేస్తారు, నా పేరూ వస్తుంది చూడు అని. చూడమన్నావు కదా. చూశాను.

ముందు ఆ ఆట డబ్బా కొన్నాను. మన సందు చివర కంప్యూటర్ షాపావిడ తెప్పించి ఇచ్చింది. ధర ఎంత? సరిగ్గా నా ఏడు లీవర్ల తాళమంత. వీధి తలుపుకి వేసే పెద్ద తాళం, లోపల ఏడు పలకలు ఒకేసారి లేస్తేగాని తెరుచుకోదు, నాకు నాలుగు రోజుల పని. ఆడుకోడానికి నా దగ్గర మిషను లేదు. అయినా కొన్నాను. అద్దాల అలమరలో తాళాల మధ్య పెట్టి, వచ్చినవాళ్ళందరికీ మా తమ్ముడి కూతురు చేసింది అని చెప్పాను.

తర్వాత ఇస్త్రీ చొక్కా వేసుకుని కంప్యూటర్ షాపుకి వెళ్ళాను. ఒక్కణ్ణే వెళ్ళలేదు, అది నా బుద్ధితక్కువ. టైలర్ని, సైకిల్ షాపాయన్ని, చెప్పులు కుట్టే ఆయన్ని, రిటైరైన పోస్టుమాన్‌ని పిలుచుకుపోయాను. ఆవిడ ఆట చివరి భాగం తిప్పింది. పేర్లు మొదలయ్యాయి. చీమల బారు. టైలర్ వాచీ ప్రకారం ముప్పై ఎనిమిది నిమిషాలు. పోస్టుమాన్ ఒక్కొక్కటీ పైకి చదివాడు. అక్కడ కాఫీలు అందించేవాళ్ళ పేర్లున్నాయి. ఆట చేసిన ఐదేళ్ళలో వాళ్ళకి పుట్టిన పిల్లల పేర్లున్నాయి. ఒక కుక్క పేరుంది. నీ పేరు లేదు.

"రెప్ప వేసినప్పుడు దాటిపోయుంటుంది మేస్త్రీ, ఇంకోసారి తిప్పమందాం" అన్నాడు టైలర్. మళ్ళీ ముప్పై ఎనిమిది నిమిషాలు. ఈసారి పోస్టుమాన్ కళ్ళజోడు తుడుచుకుని చదివాడు. ఆఖర్న "లేదు మేస్త్రీ. నా సర్వీసులో ఒక్క పేరు దాటిపోలేదు" అన్నాడు.

నాకు తల కొట్టేసినట్టయింది. "ఆఫీసులో దాని పేరు వేరేలే" అని నేను కూడా ఒక అబద్ధం ఆడాను. నలుగురూ చెప్పులు వెతుక్కున్నారు. ఏదో ఒకటి అనుంటే బాగుండేది.

ఇప్పుడు ఏడాదికి రెండు ముక్కలు రాసేదానివి నాలుగు పేజీలు రాశావు. సొంతంగా చిన్న ఆట చేస్తున్నాను, నీ తాళాల చప్పుళ్ళు కావాలి, ఎవరి ఫోన్లోనైనా పట్టి పంపు అని. చప్పుళ్ళ సంగతి తర్వాత. ముందు పేరు సంగతి చెప్పు. అక్కడ నిజంగా పనిచేశావా లేదా? కుక్కకి దొరికిన చోటు నీకెందుకు దొరకలేదు?

ఫోను చెయ్యకు. నా చెవులు పోయాయి. రాయి.

నీ పెదనాన్న

*

ఫిబ్రవరి 17

పెదనాన్నకి,

నీ ఉత్తరం మెట్ల మీదే చింపాను. నాలుగో అంతస్తు దాకా ఆగలేకపోయాను. రెండో అంతస్తులో కూర్చుండిపోతే కింది వాటాలో ఉండే నర్సు చూసి "ఎవరైనా పోయారా" అని అడిగింది. లేదండీ, ఆరేళ్ళు పోయాయి అన్నాను. ఆవిడకి అర్థం కాలేదు.

నేను అబద్ధం చెప్పలేదు. ఆ ఆటలో తలుపులు నేను చేశాను. నాలుగు వందల పన్నెండు తలుపులు, మూడేళ్ళు. తలుపులో ఏముంది అంటారు అందరూ. ఆడేవాడు పరిగెత్తుకొస్తే అది ఎటు తెరుచుకోవాలి, అవతల మనిషి నిలబడుంటే ఏం కావాలి, గుర్రం మీద వస్తే పడుతుందా, సగం తెరిచి వెళ్ళిపోతే అలాగే ఉండాలా? అక్కడ ప్రతిదానికీ ఒక మనిషి. నాది తలుపు. పక్కనతను మంచాలు చేసేవాడు.

చివర్లో రోజుకి పద్నాలుగు గంటలు. కుడి మణికట్టు వాచిపోయి, పళ్ళు తోముకోవాలన్నా ఎడం చెయ్యే. పది రోజులు సెలవడిగాను. ఆట విడుదలయ్యాక తీసుకో అన్నారు. విడుదలకి ఏడు వారాల ముందు మానేశాను. అక్కడ ఒక రూలుంది. విడుదల రోజున ఉద్యోగంలో ఉన్నవాళ్ళ పేర్లే వేస్తారు. ముందే వెళ్ళిపోయినవాళ్ళు ఎన్నేళ్ళు చేసినా తీసేస్తారు. కుక్క మానలేదు పెదనాన్నా. నేను మానేశాను.

ఆట విడుదలయ్యాక, మానేశానని నీకు రాశాను. నువ్వు జవాబివ్వలేదు. మంచి ఉద్యోగం వదిలేసిందని నీకు కోపం వచ్చిందనుకున్నాను. ఈ ఆరేళ్ళూ అదే అనుకున్నాను. ఒక్క ముక్క అడిగి ఉంటే ఏం పోయేది? నేనూ అడగలేదులే.

ఆ పెద్ద ఆటకి ఎంతయిందో చెప్పనా? వెయ్యి మందికి ఐదేళ్ళ జీతాలు. నీ తాళాల్లో చెప్పాలంటే ఇరవై లక్షల ఏడు లీవర్ల తాళాలు. దాని గురించి నలుగురికీ చెప్పడానికి, అంటే గోడల మీద, టీవీల్లో, మరో ఇరవై లక్షలు. ఊళ్ళో ప్రతి ఇంటికీ తాళం వేసి, పక్క ఊరికీ, ఆ పక్క ఊరికీ వేసుకుంటూ పోయినా ఇంకా మిగులుతాయి. లక్షల మంది కొంటేగాని పెట్టుబడి రాదు. అందుకే వాళ్ళకి భయం. అందుకే పది రోజులు సెలవు లేదు.

నా ఆటకి పెట్టుబడి నేనే. మూడేళ్ళుగా ఒక్కదాన్నే, ఒక గదిలో, దాచుకున్న డబ్బుతో. అది జూలై దాకా వస్తుంది. ఆట బయటికొచ్చిన మొదటి నెలలో రెండు వేల మంది కొంటే ఇంకో ఏడాది గడుస్తుంది. కొనకపోతే మళ్ళీ ఎవరికో తలుపులు చేసుకోవాలి.

ఆట ఏమిటంటే ఒక తాళాల షాపు. బల్ల దగ్గర ఒక పెద్దాయన, పక్కన స్టూలు మీద తొమ్మిదేళ్ళ పిల్ల. మనుషులు తెరుచుకోని తాళాలు తెస్తారు. పిల్ల వాటిని తెరవాలి. ఎవరిదో నీకు చెప్పక్కర్లేదు. అమ్మకానికి దొరికే తాళం చప్పుళ్ళన్నీ కొని విన్నాను. అన్నీ రేకు డబ్బా మీద చెంచాతో కొట్టినట్టున్నాయి. అందుకే అడిగాను.

ధర రెండు డూప్లికేటు తాళంచెవులంత పెడదామనుకుంటున్నాను. రోజుకి యాభై కొత్త ఆటలు వస్తున్నాయి, ముక్కూ మొహం తెలియనిదానికి ఎవరు ఎక్కువ పెడతారు? పైగా కొనేముందు అందరూ ఒకటే అడుగుతారు, ఎన్ని గంటలు వస్తుంది అని. ఆ పెద్ద ఆట వంద గంటలు వస్తుంది. నాది రెండు గంటలు కూడా రాదు.

బుడంకాయ

*

మార్చి 1

బుడంకాయకి,

నీ మాట నేను నమ్మలేదు. కన్నాలు చూసి నమ్మాను.

కంప్యూటర్ షాపావిడని ఆ ఆటలో తలుపులు చూపించమన్నాను. గంటన్నర తిప్పింది పాపం. ప్రతి తలుపుకీ తాళంకన్నం ఉండాల్సిన చోటు కన్నా జానెడు కిందకి ఉంది. వెయ్యి మందిలో ఆ తప్పు ఒక్కదానికే వస్తుంది. నువ్వు నా దగ్గర పెరగడానికి వచ్చిన కొత్తలో కన్నం నీ కంటికి అందాలని నేను మన షాపులో నమూనా తలుపుకి తాళాలన్నీ జానెడు కిందకి బిగించాను. తలుపంటే అలాగే ఉంటుందనుకున్నావు. పెద్దయ్యాక కూడా అలాగే చేశావు. సరే. పనిచేశావు.

ఆ రూలు పెట్టినవాణ్ణి నా దగ్గరికి పంపు. నేను బిగించిన తాళం, నేను షాపు మూసేసినా, నేను పోయినా, నేను బిగించిందే. అంతకంటే రాయను.

చప్పుళ్ళు ఫోన్లో పట్టడం నావల్ల కాదు. టైలర్ ఫోను పట్టుకున్నాడు, నేను తాళం తిప్పాను, అతను తల ఊపాడు. బాగా వచ్చిందో లేదో నాకెలా తెలుస్తుంది? నాకు ఇప్పుడు తాళం వేళ్ళకి తెలుస్తుంది, చెవులకి కాదు. వినపడని చప్పుడు మంచిదని ఇచ్చి పంపడం నాకు చేతకాదు. అందుకని తాళాలే పంపుతున్నాను. పదకొండు. పార్శిల్ ఆఫీసులో గుమాస్తా తూకం వేసి "బాంబులా తాతా" అన్నాడు. కాదు, చప్పుళ్ళు అన్నాను.

ఇక ధర. రెండు డూప్లికేటు చెవులా? సిగ్గులేదూ?

గంటల లెక్కన సరుకు కొనేవాళ్ళని నిద్రమాత్రలు కొనుక్కోమను, ఎనిమిది గంటలు వస్తుంది. ఇత్తడి బరువు చూసి తాళం ధర కట్టేవాణ్ణి ఎప్పుడైనా షాపు మెట్టు ఎక్కనిచ్చానా? దాని వెనక పడుకునే మనిషి నిద్రకి కదా ధర. నీ ఆటలో నా షాపుంది, నేనున్నాను, నువ్వున్నావు. ఆ ముగ్గురి ధర రెండు నకలు చెవులని నువ్వే అన్నావంటే, ఆ షాపులో పెరిగినందుకు నీకు నామోషీ అన్నమాట. అలా కాదంటే ఆ పెద్ద డబ్బా ధరే పెట్టు. వాళ్ళు వెయ్యి మంది పంచుకోవాలి, నువ్వు ఒక్కదానివి.

చిన్నదంటారని భయమైతే గీకు. గుర్తుందా? ఎవరింటికైనా వెళ్ళి తాళం తెరిచేటప్పుడు అరనిమిషంలో తెరిచేస్తే, ఇంతదానికి ఇంత డబ్బా అని వాళ్ళ మొహాలు ముడుచుకునేవి. అందుకని లోపల తెరిచేసి, తలుపు తియ్యకుండా ఇంకో పావుగంట ఊరికే గీకుతూ కూర్చునేవాణ్ణి. చెమట తుడుచుకునేవాణ్ణి. నువ్వు పక్కన నవ్వు ఆపుకోలేక సంచిలో తల దూర్చేదానివి. అప్పుడు మారుమాట్లాడకుండా ఇచ్చేవాళ్ళు, పైన మంచినీళ్ళు కూడా.

మణికట్టు ఎలా ఉంది, అది రాయలేదు.

నీ పెదనాన్న

*

మార్చి 22

పెదనాన్నకి,

పార్శిల్ నాలుగంతస్తులూ మోయలేక మూడుసార్లుగా తెచ్చుకున్నాను. మణికట్టు మోసింది కాబట్టి బాగానే ఉన్నట్టు.

నామోషీ అన్న మాట వెనక్కి తీసుకో. నామోషీ ఉన్నదాన్ని మూడేళ్ళు ఆ షాపు గీసుకుంటూ కూర్చుంటానా? గోడ మీద నీ ఆకురాళ్ళు ఏ వరసలో వేలాడతాయో కూడా గీశాను. మూడోది లేదు, మేకు మాత్రమే ఉంటుంది. అది కూడా గీశాను.

చప్పుళ్ళు పట్టడం మొదలుపెట్టాను. కింద బస్సుల రొద, అందుకని దుప్పటి కప్పుకుని, లోపల తాళం, మైకు, నేను. వారం రోజులుగా ఇదే పని. ఒక్కో తాళానికి ఒక్కో గొంతుంది. ఇత్తడి పెట్టె తాళం గొణుగుతుంది. నీ ఏడు లీవర్లది ఆరు పలకలదాకా మర్యాదగా లేచి, ఏడోది పడేటప్పుడు గొంతు సవరించుకున్నట్టు చేస్తుంది. అచ్చం నువ్వే. వారంలో నేను మాట్లాడిన మనుషులు ఇద్దరు, కూరగాయలమ్మాయి, నర్సు. తాళాలు పన్నెండు.

అవును, పన్నెండు. నువ్వు పదకొండు అని రాశావు. పన్నెండోది అడుగున గుడ్డలో చుట్టి ఉంది. అది మన షాపు షట్టర్ తాళం కదా? ఎర్ర దారం కట్టిన చెవి కూడా ఉంది, ఒక్కటే. దాన్ని ఎందుకు పంపావు? షాపు దేనితో మూస్తున్నావు?

ధర సంగతి. పెద్ద ఆట ధర పెట్టలేను, నవ్విపోతారు. కానీ నీ తిట్లు చదివాక రెండు చెవులనీ అనలేకపోయాను. పెట్టె తాళం ధర పెట్టాను. నీ పెద్ద తాళంలో నాలుగో వంతు. దించను. మే మొదటివారంలో అమ్మకానికి వస్తుంది.

గీకడం కూడా పెట్టాను. తాళం తెరుచుకున్నాక పెద్దాయన గీకుతూనే ఉంటాడు, పిల్ల నవ్వు ఆపుకోవాలి. నవ్వితే బేరం చెడుతుంది. ఇంతకంటే మంచి ఆట నేను ఇంతవరకు చెయ్యలేదు.

షట్టర్ సంగతి రాయి.

బుడంకాయ

*

ఏప్రిల్ 9

బుడంకాయకి,

షట్టర్ తాళం పొరపాటున పడుంటుంది. షాపుకి వేరే తాళం వేసుకున్నాను. తాళాల మేస్త్రీకి తాళానికి కరువా? ఆ విషయం మళ్ళీ ఎత్తకు.

నామోషీ మాట వెనక్కి తీసుకున్నాను. మేకు కూడా గీశావంటే తీసుకోక ఏం చేస్తాను? పెట్టె తాళం ధర తక్కువే. అయినా నీ సరుకు, నీ ఇష్టం. ఒక్కటి మాత్రం చెప్తున్నాను, ఒకసారి పెట్టిన ధర దించకు. ఇవాళ దించితే నిన్న కొన్నవాడు వెర్రివాడవుతాడు.

ఆరేళ్ళ తర్వాత ఆ డబ్బా విప్పాను. ఇప్పుడది డూప్లికేటు చెవి ధరకి వస్తోందట, కంప్యూటర్ షాపావిడ చెప్పింది. నవ్వొచ్చింది, మంట కూడా పుట్టింది. సరే లోపలేముందో చూద్దామని విప్పితే సీడీ బిళ్ళ లేదు, ఏం లేదు. ఒక కాగితం ముక్క మీద అంకెలు. ఆ అంకెలు కొడితే ఆట గాలిలోంచి వస్తుందట. ఆరేళ్ళు నేను అద్దాల్లో పెట్టి దుమ్ము దులిపింది ఖాళీ డబ్బానన్నమాట. ఇరవై లక్షల తాళాల పెట్టుబడి పెట్టినవాళ్ళు డబ్బాలో ఒక బిళ్ళ పెట్టలేకపోయారు.

సైకిల్ షాపాయన పోయాడు. పోస్టుమాన్ పోయి రెండేళ్ళయింది, నీకు రాయలేదు. చెప్పులు కుట్టే ఆయన కొడుకు దగ్గరికి వెళ్ళిపోయాడు. టైలర్ ఉన్నాడు. ఇద్దరం మధ్యాహ్నం అతని మిషను దగ్గర కూర్చుంటాం. అతను కుడతాడు, నాకు వినపడదు కాబట్టి మాట్లాడడు. బాగానే ఉంది.

నీ పెదనాన్న

*

జూన్ 5

పెదనాన్నకి,

రెండు నెలలు రాయలేదు. ఏం రాయాలో తెలియలేదు. ఆట వచ్చి నెలయింది. నిజం చెప్పేస్తాను.

మూడు వందల నలభై మంది కొన్నారు. తొంభై ఆరు మంది తిరిగి ఇచ్చేశారు.

అది కూడా ఒక రూలు. రెండు గంటల లోపు ఆడి నచ్చకపోతే డబ్బు వెనక్కి ఇస్తారు. నా ఆట గంటా నలభై నిమిషాలు. చివరిదాకా ఆడేసి, పేజీ మూసేసి, డబ్బు వెనక్కి తీసుకున్నారు. ఒకతను ఏం రాశాడో తెలుసా? "చాలా బాగుంది, చివర్లో ఏడ్చాను, కానీ చిన్నది" అని. ఏడ్చి మరీ వెనక్కి తీసుకున్నాడు. నువ్వైతే ఆ తాళం మళ్ళీ వేసేసి వచ్చేవాడివి.

గీకే పావుగంట అందరికీ నచ్చింది. అది మాత్రం ఒక్కళ్ళు కూడా తిట్టలేదు.

నీ మాట దాటాను. పోయిన వారం అందరూ ధరలు తగ్గించే వారం. తగ్గించకపోతే ఎవరి కంటా పడం. ఒక డూప్లికేటు చెవి ధరకి దించాను. ఇంకో రెండు వందల మంది కొన్నారు. నువ్వు చెప్పినట్టే, ముందు కొన్నవాళ్ళు వెర్రివాళ్ళయ్యారు. వాళ్ళలో ఒకావిడ ఉత్తరం రాసి తిట్టింది. తిట్టించుకున్నాను.

పాత కంపెనీ వాళ్ళు పిలిచారు. ఆ పెద్ద ఆటకి రెండో భాగం చేస్తున్నారు. ఈసారి పద్నాలుగు వందల మంది. మళ్ళీ తలుపులే. తలుపులు బాగా చేసే మనిషి అని ఎవరికో గుర్తుందట. జీతం బాగుంది. జూలై పదిహేను నుంచి రమ్మన్నారు. చివరిదాకా ఉంటే ఈసారి పేరు వేస్తారట. వాళ్ళ దగ్గర చేస్తూ నా పేరు మీద సొంత ఆట ఉండకూడదన్నారు. అది పెద్ద విషయం కాదులే, సర్దుకున్నాను.

ఓడిపోయానని నువ్వు అనుకోకూడదు. మూడేళ్ళు నీ షాపులోనే ఉన్నాను. ఆ మూడేళ్ళూ అంత ఒంటరిగా అనిపించలేదు. ఇప్పుడు అనిపిస్తోంది. ఆట అయిపోయాక గదిలో నిశ్శబ్దం ఎంత ఉందంటే, నిన్న ఊరికే షట్టర్ తాళం తీసి రెండుసార్లు తిప్పాను.

బుడంకాయ

*

జూన్ 20

బుడంకాయకి,

నీ ఉత్తరం అందింది. అందిన రోజే ఇస్త్రీ చొక్కా తీశాను.

ఈసారి టైలర్ ఒక్కడే వచ్చాడు. కంప్యూటర్ షాపావిడ నీ ఆట కొంది, తన డబ్బుతో, నేను ఇవ్వబోతే తీసుకోలేదు. డూప్లికేటు చెవి ధరకి కాదు, ఆ తగ్గింపు వారం అయిపోయిందట, పూర్తి ధరకే కొంది. అది ముందు రాసుకో.

మీటలు నొక్కడం నాకు రాదు. ఆవిడ నొక్కింది. ఏ పలక లేపాలో నేను వేలితో చూపించాను. నువ్వు బల్ల సరిగ్గా గీశావు. స్టూలు కాలు కింద మడిచిన అట్టముక్క కూడా ఉంది. మేకు చూశాను. బల్ల ముందు కూర్చున్నవాడికి నాకంటే జుట్టు ఎక్కువ పెట్టావు, అది దొంగతనం. గీకే చోట టైలర్ పొట్ట పట్టుకుని నవ్వాడు. "నా ఇంటి తాళం దగ్గర కూడా ఇలాగే చేశావా మేస్త్రీ" అని నా చెవి దగ్గర అరిచాడు. చేశాను. నలభై ఏళ్ళ రహస్యం లోకం మీద పోసేశావు కదే!

నాకు చప్పుళ్ళు వినపడలేదు. "అదేనా" అని టైలర్ని అడిగాను. తల ఊపాడు. అతని తల ఊపుడు నేను నమ్మను, నీకు తెలుసు. ఆ చప్పుడు వచ్చే డబ్బా మీద చెయ్యి పెట్టి, మళ్ళీ తెరవమన్నాను. ఒకటి, రెండు, మూడు, అలా ఆరు. ఏడోది పడింది. నా వేళ్ళకి తెలిసింది. అది నా తాళమే.

గంటా నలభై నిమిషాలు అన్నావు. మాకు నలభై నిమిషాల్లో అయిపోయింది, తాళాలన్నీ నావే కదా. డబ్బు వెనక్కి తీసుకోవచ్చు అంది ఆవిడ నవ్వుతూ. నేను ఆవిడ వైపు చూశాను. నవ్వడం ఆపేసింది.

ఆ తర్వాత పేర్లు వచ్చాయి.

పేర్లు కాదు. పేరు. ఈసారి చదవడానికి పోస్టుమాన్ కూడా అక్కర్లేకపోయింది. తాళాలు అని రాసి, పక్కన నా పేరు. అంతే, నల్లటి తెర. "ఇంకోసారి తిప్పమందాం" అన్నాడు టైలర్, అలవాటు కొద్దీ. తిప్పారు. నేను రెప్ప వెయ్యలేదు. అదే ఒక్కటి.

సర్దుకున్నాను అని రాశావు. సర్దుకోవడం అంటే ఇదా? తలుపులు ఎవరు చేశారు? బల్ల ఎవరు గీశారు? దుప్పటి కప్పుకుని చప్పుళ్ళు ఎవరు పట్టారు? దెయ్యమా? మొదటిసారి వాళ్ళు నీ పేరు తీసేశారు, నేను ఆరేళ్ళు నీ మీద కోపం పెట్టుకున్నాను. తప్పు మనిషి మీద పెట్టుకున్నాను. అది నా తప్పు, రాస్తున్నాను, చూసుకో, ఇంకోసారి రాయను. ఈసారి నువ్వే తీసేసుకున్నావు. ఇప్పుడు ఎవరి మీద పెట్టుకోను కోపం?

ఇంకో సంగతి. షట్టర్ తాళం పొరపాటున పడలేదు. షాపు ఫిబ్రవరిలోనే మూసేశాను. ఇప్పుడు అందరూ వేలిముద్ర తాళాలు పెట్టించుకుంటున్నారు. వేలు పారేసుకున్నాను మేస్త్రీ అని ఎవడూ రాడు కదా. తాళాలు పంపమని నువ్వు అడగలేదు, చప్పుళ్ళే అడిగావు. నేనే పంపాను. ఎవరికి ఇవ్వను వాటిని? తూకానికి అమ్మితే ఇత్తడి బరువే చూస్తారు. షట్టర్‌కి సైకిల్ గొలుసు చుట్టి ఇంట్లో కూర్చున్నాను. రోజూ పొద్దున అటు వెళ్ళి గొలుసు లాగి చూసి వస్తాను. అదీ నా పని ఇప్పుడు.

షాపు యజమాని దగ్గర నా అడ్వాన్సు ఐదు నెలలది ఉంది. ఖాళీ చేస్తే వెనక్కి ఇస్తాడు. చెయ్యకపోతే అద్దె కింద కోసుకోమంటే సరే అంటాడు, అడిగాను. జూలై పదో తేదీ సాయంత్రం ఆరింటికి వస్తానన్నాడు. ఆ పూట ఏదో ఒకటి తేల్చి చెప్పాలి. నేను ఖాళీ చేస్తే దాన్ని వేలిముద్ర తాళాల వాడికే ఇస్తాడట, వాడు ఇప్పటికే రెండుసార్లు కొలతలు తీసుకుపోయాడు.

నేను రమ్మని బతిమాలడం లేదు. షాపు ఖాళీగా ఉందని చెప్తున్నాను. కరెంటు ఉంది. బల్ల ఉంది, నీ మిషను పడుతుంది, టైలర్ దర్జీ టేపుతో కొలిచాడు. బస్సుల రొద లేదు. ఉన్నా నాకు తెలియదు. ఐదు నెలలు అద్దె లేకుండా కూర్చుని ఇంకో ఆట చెయ్యొచ్చు. ఈసారి రెండు గంటలు దాటేలా చెయ్యి, నేను పక్కన కూర్చుని ఎక్కడెక్కడ గీకాలో చెప్తాను. ఆ ఐదు నెలల తర్వాత సంగతి నాకూ తెలియదు. నీకు పద్నాలుగు వందల మంది మధ్య జీతం బాగుంటుందంటే వెళ్ళు, నేను ఆపను, ఉత్తరం రాయడం కూడా మానను. కానీ నువ్వు చేసినదాని మీద నీ పేరు పెట్టి వెళ్ళు. అది పెడితే వాళ్ళు రానివ్వరంటే, రానివ్వని చోట నువ్వు తలుపులెలా చేస్తావు?

నాకు రెండు జవాబులు కావాలి. ఒకటి, నీ పేరు. కంప్యూటర్ షాపావిడతో మాట్లాడుకున్నాను, జూలై పదో తేదీ పొద్దున టైలర్తో వెళ్ళి మళ్ళీ తిప్పించుకుంటాను. తలుపులు అని రాసి నీ పేరు ఉండాలి. నా పేరు కింద వద్దు, పైన.

రెండు, తాళం. నేను పంపినప్పుడు ఒక్క చెవే పంపాను, రెండోది ఎక్కడుందని నువ్వు అడగలేదు. నా మొలతాడుకే ఉంది. నువ్వు రానట్టయితే ఆ తాళం పార్శిల్లో వెయ్యకు, ఉంచుకో, అప్పుడప్పుడు తిప్పుకో. వచ్చేటట్టయితే చేత్తో పట్టుకురా. గొలుసు నేను తీసి ఉంచుతాను.

వస్తావో రావో, రెండిట్లో ఏదో ఒకటి రాయి. ఉత్తరానికి ఐదు రోజులు పడుతుంది, లెక్క చూసుకుని డబ్బాలో వెయ్యి. జూలై పది, సాయంత్రం ఆరు. ఆరూ ఐదుకి కాదు.

నీ పెదనాన్న